సూపర్‌హీరో చేతికి పత్తాలెందుకు? మిడ్‌నైట్ సన్స్‌పై తెగని వాదన

2022 డిసెంబర్ 2న వచ్చిన 'మార్వెల్స్ మిడ్‌నైట్ సన్స్' అనే వీడియో గేమ్ మీద ఆటగాళ్ల మధ్య ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ఎత్తులు వేసి ఆడే ఆటల్లో ఈమధ్య ఇంత పదునైనది రాలేదని కొందరంటారు. రెండు గంటలాడి లాప్‌టాప్‌లోంచి తీసేశామని ఇంకొందరంటారు. విచిత్రమేమిటంటే ఇద్దరూ చెప్పే కారణాలు దాదాపు ఒకటే. ఆటలో కార్డులున్నాయి, మాటలెక్కువ ఉన్నాయి. వాటినే ఒకరు మెచ్చుకుంటే ఒకరు తిట్టుకుంటారు.

వరంగల్ వైపు ఈ వాదన కొంచెం ఆలస్యంగా మొదలైంది. విడుదలైన కొత్తలో పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లు ఇక్కడ తక్కువ. 2024 జూన్‌లో ఎపిక్ గేమ్స్ స్టోర్ దీన్ని ఒక వారం పాటు ఉచితంగా ఇచ్చింది. కాజీపేట హాస్టళ్లలో, హన్మకొండ నయీంనగర్, కిషన్‌పుర అద్దె గదుల్లో ఉండే ఇంజినీరింగ్ పిల్లలకు అలాంటి వారాలే పండుగలు. ఆట ఏదైనా ముందు ఖాతాలో వేసుకుని, ఆడడం సంగతి సెమిస్టర్ పరీక్షలయ్యాక చూస్తారు. డబ్బు పెట్టి కొన్నవాడు నచ్చకపోయినా ఇంకో గంట ఆడి చూస్తాడు. ఉచితంగా వచ్చినదానికి ఆ ఓపిక ఉండదు. అందుకే ఇక్కడ వినిపించే అభిప్రాయాల్లో చాలావరకు మొదటి రెండు మూడు గంటలకు సంబంధించినవే. ఈ ఆటకు అదే పెద్ద శాపం, ఎందుకంటే దీని మొదటి మూడు గంటలే దీనిలో బలహీనమైన భాగం.

తయారుచేసింది ఫిరాక్సిస్ గేమ్స్, ప్రచురించింది టూకే. దర్శకుడు జేక్ సోలమన్. 2012లో 'ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్', 2016లో 'ఎక్స్‌కామ్ 2' ఆయన నడిపించినవే. వంతులవారీగా సైనికుల్ని కదిపే ఆటలకు కొత్త ఊపిరి పోసినవి అవే అని చెప్పినా అతిశయోక్తి కాదు. అలాంటి బృందం ఐరన్ మ్యాన్, స్పైడర్ మ్యాన్, డాక్టర్ స్ట్రేంజ్‌లతో ఆట చేస్తోందని 2021 ఆగస్టులో ప్రకటన వచ్చినప్పుడు ఎక్స్‌కామ్ అభిమానులు మనసులో ఒక బొమ్మ గీసుకున్నారు. గోడ చాటున నక్కిన కెప్టెన్ అమెరికా, తుపాకీ గురి పక్కన శాతం అంకె. ఆ తర్వాత ఆట ఎలా ఉంటుందో చూపించిన రోజు ఆ బొమ్మ చెరిగిపోయింది. తెర కింద వరసగా కార్డులు కనబడ్డాయి.

ఆ నిరాశ అర్థం చేసుకోదగ్గదే. అయినా ఫిరాక్సిస్‌కు ఎదురైన చిక్కేమిటో చూస్తే కార్డులు ఎందుకు వచ్చాయో తెలుస్తుంది. వ్యూహం మీద నడిచే ఆటకు బలహీనత కావాలి. సైనికుడికి దెబ్బ తగిలితే చస్తాడు, గురి తప్పవచ్చు, గోడ లేకపోతే బతకడు. ఆ భయమే ఆటగాడిని ఆలోచింపజేస్తుంది. సూపర్‌హీరో అంటే సరిగ్గా దీనికి ఉల్టా. అంతరిక్షంలో ఓడల్ని చీల్చుకుంటూ పోయే కెప్టెన్ మార్వెల్ హైడ్రా అనే దుష్టముఠాలోని మామూలు సైనికుడి తూటాకు భయపడి చెక్కపెట్టె వెనక దాక్కుంటే చూసేవాళ్లు నవ్వుతారు. ఆమె ఎదురుగా నిలబడి కొట్టిన గుద్దు తప్పిపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారు. హీరోలు దాక్కోరు, గురి తప్పరు అన్న నియమంతోనే ఫిరాక్సిస్ బృందం మొదలుపెట్టింది. మరి ఆలోచన ఎక్కడి నుంచి పుడుతుంది?

వాళ్ల జవాబు ఇది. హీరో బలాన్ని తగ్గించకుండా ఆటగాడి చేతిలోని అవకాశాల్ని తగ్గించారు. ఒక్కో పోరాటానికి ముగ్గురు హీరోలు వెళ్తారు. ఒక్కొక్కరికి ఎనిమిది కార్డుల కట్ట ఉంటుంది, మూడు కట్టలూ కలిసి 24. ఒక వంతులో మామూలుగా మూడు కార్డులు ఆడవచ్చు, ఒక్కసారి ఒక హీరోని నడిపించవచ్చు, నచ్చని కార్డుల్ని రెండుసార్లు మార్చుకోవచ్చు. అంతే. దాడి కార్డులు, నైపుణ్యం కార్డులు ఆడితే 'హీరోయిజం' అనే పాయింట్లు జమ అవుతాయి. భారీ దెబ్బలకు ఆ పాయింట్లు ఖర్చవుతాయి. చుట్టూ ఉన్న వస్తువులకూ అవే ఖర్చు. దీపస్తంభాన్ని శత్రువు మీద కూల్చాలన్నా, పెట్టెను విసరాలన్నా, ఎత్తు మీంచి దూకి గుద్దాలన్నా పాయింట్లు ఉండాలి. ఎవరైనా ఏదైనా చెయ్యగలరు కానీ అన్నీ ఇప్పుడే చెయ్యలేరు.

ఇక్కడే అదృష్టం సంగతి వస్తుంది. ఈ ఆట మీద జరిగే సగం వాదనలకు మూలం అదే. ఎక్స్‌కామ్‌లో ముందు నిర్ణయం, తర్వాత అదృష్టం. 95 శాతం తగిలే అవకాశం ఉందని చూసి తుపాకీ పేలుస్తారు, తప్పిపోతుంది. అలా తప్పిపోయిన 95 శాతం గురించి ఎక్స్‌కామ్ ఆడినవాళ్లందరి దగ్గరా ఒక కథ ఉంటుంది. మిడ్‌నైట్ సన్స్‌లో వరస మారింది. ముందు అదృష్టం, తర్వాత నిర్ణయం. పత్తాలాటలో ముక్కలు పంచినట్టే. ఏ ముక్కలు పడతాయో చేతిలో లేదు, పడ్డవాటితో ఏం చేస్తారన్నది పూర్తిగా చేతిలోనే ఉంది. 40 నష్టం అని కార్డు మీద రాసి ఉంటే 40 తగులుతుంది. దెబ్బ కొట్టాక "అరె, తప్పిపోయింది" అన్న మాట ఉండదు. ఓడిపోతే కంప్యూటర్‌ను తిట్టుకునే సౌకర్యం కూడా ఉండదు. కొందరికి ఈ ఆట ఎక్స్‌కామ్ కంటే తేలిక అనిపించడానికీ, ఇంకొందరికి అంతకంటే కష్టం అనిపించడానికీ ఇదే కారణం. తప్పు ఎవరిదో ప్రతిసారీ తెలిసిపోతుంది కదా.

కార్డుల్ని సమర్థించేవాళ్లు చెప్పే ఇంకో మాట ఎక్కువ బలమైనది. ఒక్కో హీరో స్వభావం ఆ హీరో కార్డుల్లోనే ఉంటుంది. ఐరన్ మ్యాన్ అయిన టోనీ స్టార్క్ ప్రతిదాన్నీ ఇంకొంచెం బాగుచెయ్యకుండా ఉండలేడు. ఐరన్ మ్యాన్ కార్డుల్ని మార్చుకుంటే అవి మరింత బలపడి వస్తాయి. అంటే మిగతా హీరోలకు వద్దనుకున్న ముక్కను పారేసే పని, అతనికి మాత్రం సానబట్టే పని. కెప్టెన్ మార్వెల్ కార్డులు మూడు ఆడేసరికి ఆమె 'బైనరీ' రూపంలోకి వెళ్తుంది, దెబ్బలు రెట్టింపు బలంతో పడతాయి. అందుకే మొదట్లో ఆమెను ఓపిగ్గా పెంచుకోవాలి. కెప్టెన్ అమెరికా డాలు అడ్డం పెట్టి శత్రువుల్ని తన మీదికే రప్పించుకుంటాడు. పక్కవాళ్లను కాపాడటమే అతని ఆట. బ్లేడ్ శత్రువుల రక్తం కార్చి, ఆ రక్తంతోనే తన గాయాలు మాన్పుకుంటాడు. ఘోస్ట్ రైడర్ రాబీ రేయెస్ తన ప్రాణాన్ని తానే తగ్గించుకుని దెబ్బ కొడతాడు. శాపం అంటే ఏమిటో సంభాషణలో చెప్పనక్కర లేకుండా ఆరోగ్యం గీత తగ్గడంలోనే చూపించారు. నీకో మినోరూ కార్డులు వేస్తే ఫలితం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. ఆమె మంత్రశక్తి ఇంకా పూర్తిగా ఆమె అదుపులోకి రాలేదని అలా తెలుస్తుంది.

మ్యాజిక్ అనే పాత్ర గురించి విడిగా చెప్పాలి. సినిమాలు మాత్రమే చూసినవాళ్లకు ఆమె పేరు పెద్దగా తెలియదు. మొదట్లో ఎవరూ ఆమెను జట్టులోకి తీసుకోరు. కానీ ఆట సగానికి వచ్చినవాళ్లను అడిగితే చాలామంది ఆమెను వదలలేమంటారు. నేల మీద ద్వారం తెరిచి, శత్రువును అందులోకి తోసి, ఇంకోచోట తేల్చగలదు. ఈ ఆటలో తొయ్యడం చాలా ముఖ్యమైన విద్య. ఒకణ్ణి ఇంకొకడి మీదికి తోస్తే ఇద్దరికీ దెబ్బ. కరెంటు పెట్టె మీదికి తోస్తే ఇంకా మంచిది. పేలే పీపా పక్కన నలుగురు నిలబడి ఉంటే ఒక్క తోపుతో పని అయిపోతుంది. ఇది ఒంటబట్టిన రోజు తెర మీద కార్డులు కనబడటం మానేస్తాయి, నేల కనబడటం మొదలవుతుంది. కోణం, దూరం, ఎవడి వెనక ఎవడున్నాడు అన్నదే లెక్క. కార్డుల ఆట అని తీసిపారేసినవాళ్లు ఈ దశదాకా రాలేదనే చెప్పాలి.

అయినా తప్పు పూర్తిగా వాళ్లది కాదు. విడుదల నాటికి గేమింగ్‌లో కార్డు అన్న మాట చుట్టూ ఒక చెడ్డపేరు పేరుకుని ఉంది. పెద్ద కంపెనీ ఆటలో కార్డులున్నాయంటే ప్యాకెట్లు కొనమంటారు, మంచి కార్డుకు డబ్బు గుంజుతారు అన్న అనుమానం సహజం. ఇందులో కార్డుల్ని డబ్బుతో కొనడానికి వీల్లేదు. తర్వాత విడిగా వచ్చిన అదనపు హీరోల ప్యాకేజీలు కాక డబ్బు పెట్టి కొనగలిగేవి హీరోల దుస్తుల్లాంటి అలంకారాలే. ఫిరాక్సిస్ ఈ మాట విడుదలకు ముందే చెప్పింది, కానీ అనుమానం వ్యాపించినంత వేగంగా వివరణ వ్యాపించదు.

తెలంగాణలో ఈ అనుమానానికి ఇంకో పొర ఉంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీతో సహా డబ్బు పందెం ఉన్న ఆటల్ని నిషేధించింది. 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై దేశమంతటికీ వర్తించేలా నిషేధ చట్టం తెచ్చింది. ఆన్‌లైన్ రమ్మీలో డబ్బు పోగొట్టుకున్న కుటుంబాల వార్తలు జిల్లా పేజీల్లో చదివిన ఇళ్లలో తెర మీద కార్డు కనబడితే చాలు, టెన్షన్ మొదలవుతుంది. రాత్రి పన్నెండింటికి లాప్‌టాప్‌లో ముక్కలు పంచుతున్న కొడుకును చూసి ఇది స్పైడర్ మ్యాన్ ఆటేనని నమ్మే తండ్రి అరుదు. తుపాకీ ఆటకైతే "టైం వేస్ట్" అన్న ఒక్క తిట్టుతో పోతుంది. పత్తాలకైతే విచారణ ఉంటుంది. అమెరికాలో కూర్చుని ఈ ఆట గీసినవాళ్లకు ఈ చిక్కు తట్టే అవకాశమే లేదు.

సూపర్‌హీరోలతో వ్యూహపు ఆట చెయ్యడం ఇదే మొదటిసారి కాదు. 2002లో ఇర్రేషనల్ గేమ్స్ 'ఫ్రీడమ్ ఫోర్స్' తెచ్చింది. తర్వాత 'బయోషాక్'తో పేరు తెచ్చుకున్న కెన్ లెవిన్ బృందమే అది. అక్కడ హీరోలంతా సొంతంగా సృష్టించినవాళ్లే. మినిట్ మ్యాన్, పేట్రియట్ సిటీ, 1960ల కామిక్స్ రంగులు, ఆ కాలపు గంభీరమైన వ్యాఖ్యానం. వంతులు ఉండేవి కావు. ఆట నడుస్తూనే ఉంటుంది, కావాల్సినప్పుడు ఆపి ఆజ్ఞలివ్వాలి. దీపస్తంభాన్ని పీకి కర్రలా తిప్పే సరదా అప్పుడే ఉంది. ఆటగాళ్లు తమకు నచ్చిన మార్వెల్, డీసీ హీరోల బొమ్మలు చేసి అందులో పెట్టుకున్నారు. 2005లో రెండో భాగం వచ్చింది, మూడోది రాలేదు. ఫ్రీడమ్ ఫోర్స్ ఆడినవాళ్లు మిడ్‌నైట్ సన్స్‌ను కొంత పెదవి విరుపుతో చూస్తారు. సొంత హీరోని సృష్టించుకునే స్వేచ్ఛ అందులో ఎక్కువ. ఇందులో సృష్టించుకోగలిగేది 'హంటర్' ఒక్క పాత్రనే, అదీ కథ గీసిన గీత లోపలే. ఆ విమర్శలో న్యాయం ఉంది. పోరాటంలోని పదును మాత్రం కొత్తదానిదే.

ఇప్పుడు అసలు లొల్లి. పోరాటాలు అయ్యాక హీరోలంతా 'అబ్బే' అనే పాత మఠానికి తిరిగొస్తారు. కథ ప్రకారం హైడ్రా మూక లిలిత్ అనే రాక్షసమాతను నిద్రలేపుతుంది. ఆమె సంతానమైన హంటర్‌ను డాక్టర్ స్ట్రేంజ్, టోనీ వాళ్లు సమాధి నుంచి తిరిగి లేపుతారు. అబ్బేలో పొద్దున లేచి ఫోర్జ్ అనే కొలిమి దగ్గర కొత్త కార్డులు తీసుకోవాలి, బ్లేడ్ దగ్గర సాధన చెయ్యాలి, అద్దపు బల్ల దగ్గర పోరాటం ఎంచుకోవాలి. రాత్రి ఎవరో ఒకరితో కాసేపు కూర్చుని మాట్లాడాలి, బహుమతులివ్వాలి. పుస్తకాల క్లబ్బు ఉంది, దాన్ని నడిపేది రక్తపిశాచాల్ని వేటాడే బ్లేడ్. ఈత కొలను ఉంది. చార్లీ అనే నరకపు కుక్క ఉంది, దాన్ని రోజూ నిమరవచ్చు. తోటలో తిరిగి మూలికలు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చు.

ఇదంతా కొందరికి ప్రాణం. ప్రపంచాన్ని కాపాడే మనుషులు వంటగదిలో ఎలా గొడవపడతారో చూడటం సినిమాల్లో దొరకదంటారు. టోనీ, స్ట్రేంజ్‌ల అహంకారం ఒకవైపు, వాళ్లు వచ్చి తమ ఇంటిని ఆక్రమించారని గుర్రుగా ఉన్న నీకో, మ్యాజిక్, రాబీ లాంటి కుర్రజట్టు ఇంకోవైపు. పాత కోడళ్లకూ కొత్త కోడళ్లకూ మధ్య నడిచే మౌనయుద్ధం తెలిసిన తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఇంకొందరికి ఇదంతా శిక్ష. పదిహేను నిమిషాల అద్భుతమైన పోరాటం కోసం అరగంట నడకలు, పలకరింపులు భరించాలా అని వాళ్ల ప్రశ్న. మొత్తం కథ పూర్తి చెయ్యడానికి దగ్గరదగ్గర 50 గంటలు పడుతుంది. అందులో గణనీయమైన భాగం మఠం గడప లోపలే గడుస్తుంది.

ఈ చీలికలో వరంగల్ వైపు ఆటగాళ్లకు ఒక అదనపు ఇబ్బంది ఉంది. ఆటలో తెలుగు లేదు. మాటలు, అక్షరాలు అన్నీ ఇంగ్లిష్‌లోనే చదువుకోవాలి. ఇక్కడి చాలామంది మార్వెల్‌ను తెలుగులోనే పరిచయం చేసుకున్నారు. 2018లో వచ్చిన 'అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్' తెలుగు వెర్షన్‌లో థానోస్‌కు రానా గొంతు ఇచ్చారు. ఆ సినిమాను థియేటర్‌లో ఈలలేస్తూ చూసిన కుర్రాడికి టోనీ స్టార్క్ అంటే తెలుగు డబ్బింగ్ వెటకారమే గుర్తు. అదే టోనీ ఇక్కడ వేగంగా, అమెరికన్ యాసలో, మధ్యమధ్య మాట విరిచి జోకులేస్తాడు. పోరాటానికి భాష అక్కర లేదు. అంకె, రంగు, బాణం గుర్తు చాలు. అబ్బేకు భాషే ప్రాణం. జోకు అందనివాడికి జోకు లేనట్టే. అందువల్ల ఇక్కడ "అబ్బే బోర్" అన్న మాట వినబడినప్పుడు అందులో కొంత ఆట లోపం, కొంత భాష లోపం. జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి ఇంజినీరింగ్‌కు వచ్చినవాళ్ల అభిప్రాయాన్నీ, చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ సీరియల్స్ చూసినవాళ్ల అభిప్రాయాన్నీ ఒకే తూకంలో వేయకూడదు.

అయితే స్నేహాల భాగాన్ని పూర్తిగా దాటేద్దామంటే కుదరదు. ఇదొక మెలిక. హీరోలతో స్నేహం పెరిగితే పోరాటంలో బలాలు వస్తాయి. ఒక్కో హీరోతో బంధం చివరి మెట్టు ఎక్కాక ఒక ప్రత్యేక పరీక్ష తెరుచుకుంటుంది, అది దాటితే ఆ హీరో అత్యుత్తమ కార్డు చేతికొస్తుంది. ఆ పరీక్షలు చదరంగం పజిళ్లలా ఉంటాయి, ఇచ్చిన కార్డులతో ఇచ్చిన వంతులోనే తేల్చాలి. పోరాటం మాత్రమే కావాలనుకునేవాడికి ఎంతో నచ్చే భాగం అది. దాన్ని తీసుకెళ్లి పలకరింపుల వెనక దాచారు. ఇది రూపకల్పనలో నిజమైన లోపం. కార్డుల మీద వచ్చినంత గోల దీనిమీద రావాల్సింది. ఇంకో చిన్న విషయం, ఈ స్నేహాలన్నీ స్నేహాలుగానే ఉంటాయి, ప్రేమ దాకా వెళ్లవు. ఇది తెలియక బహుమతుల మీద బహుమతులిచ్చి భంగపడినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

ఎక్స్‌కామ్ నుంచి వచ్చినవాళ్ల అసలు ఫిర్యాదు వేరు. అక్కడ సైనికుడు చస్తే చచ్చినట్టే, మళ్లీ రాడు. పేరు పెట్టి పెంచుకున్న సైనికుడు పోతే గుండె బరువెక్కుతుంది. ఇక్కడ హీరో కిందపడతాడు, లేపవచ్చు, లేపకపోతే గాయంతో ఇంటికొస్తాడు, రెండ్రోజుల్లో కోలుకుంటాడు. పోగొట్టుకోవడానికి ఏమీ లేని యుద్ధంలో ఉత్కంఠ ఏముంటుందని అడుగుతారు. స్పైడర్ మ్యాన్‌ను మధ్యలో చంపేసే హక్కు ఫిరాక్సిస్‌కు ఉంటుందని ఆశించడం అమాయకత్వమే. అయినా ఓడిపోతే హీరో విలువ తగ్గుతుందన్న భయం మాత్రం హాలీవుడ్ లెక్కల్లోంచి వచ్చిందే. ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకోసారి లక్షలాది మంది మొక్కులు చెల్లించేది కాకతీయ సైన్యంతో పోరాడి నేలకొరిగిన తల్లీబిడ్డలకు. జంపన్న వాగు పేరు ఓటమి ఒప్పుకోలేక ఆ నీళ్లలో దూకినవాడిది. ఆ నేల మీద పెరిగినవాళ్లకు వీరులు చనిపోయే ఆట పెద్ద షాక్ ఏమీ కాదు.

యంత్రం తెచ్చిన గొడవలూ ఉన్నాయి. విడుదలైన మొదట్లో ఆట తెరవాలంటే ముందు టూకే లాంచర్ అనే ఇంకో ప్రోగ్రాం తెరుచుకునేది. దానివల్ల ఆట నత్తనడక నడుస్తోందని, దాన్ని దాటేసి నేరుగా తెరిస్తే మెరుగ్గా ఉందని చాలామంది పీసీ ఆటగాళ్లు చెప్పారు. తర్వాత 2024లో టూకే తన ఆటల నుంచి ఆ లాంచర్‌ను తీసేసింది. అబ్బే ఆవరణలో తిరిగేటప్పుడు ఫ్రేములు పడిపోవడం, అంటే బొమ్మ ఆగి ఆగి కదలడం, మధ్యరకం లాప్‌టాప్‌లలో ఇప్పటికీ కనిపిస్తుంది. పోరాటంలో పెద్దగా కనిపించదు, వంతులాట కాబట్టి కనిపించినా నష్టం లేదు. చదువుకోసం కొన్న లాప్‌టాప్‌లో ఆడేవాళ్లకు ఇది చిన్న వరమే. గురి చూసి కాల్చే ఆటలో అర సెకను ఆగితే ప్రాణం పోతుంది. ఇక్కడ ఆగి ఆలోచించుకోమనే చెబుతుంది ఆట.

అమ్మకాలు విమర్శకుల మెప్పుకు తగ్గట్టు లేవు. ఆట మొదట 2022 మార్చిలో రావాల్సింది, వాయిదా పడి అక్టోబర్ అన్నారు, మళ్లీ వాయిదా పడి డిసెంబర్‌కు వచ్చింది. నవంబర్‌లో 'గాడ్ ఆఫ్ వార్ రాగ్నరోక్' వచ్చి జనాన్ని పట్టుకుపోయింది. సరిగ్గా డిసెంబర్ 2నే 'ది కాలిస్టో ప్రోటోకాల్' కూడా వచ్చింది. విడుదల సమయం సరిగా కుదరకపోయి ఉండొచ్చని టూకే మాతృసంస్థ టేక్-టూ అధిపతి స్ట్రాస్ జెల్నిక్ 2023 ఫిబ్రవరిలో అన్నారు. అదే నెలలో సోలమన్ ఫిరాక్సిస్‌ను వదిలి వెళ్లారు. డెడ్‌పూల్, వెనమ్, మోర్బియస్, స్టార్మ్‌లు ఒక్కొక్కరుగా 2023 జనవరి నుంచి మే లోపు అదనపు ప్యాకేజీలుగా చేరారు. స్విచ్ కన్సోల్‌కు తెస్తామన్న వెర్షన్ రద్దయింది.

సమయాన్ని మాత్రమే నిందించడం సగం నిజం. సినిమా అభిమాని దీన్ని చూసి ఇది యాక్షన్ ఆట కాదే అన్నాడు. ఎక్స్‌కామ్ అభిమాని ఇది ఎక్స్‌కామ్ కాదే అన్నాడు. కార్డుల ఆటలు ఇష్టపడేవాడు మార్వెల్ ముసుగు చూసి ఇది తనకోసం కాదనుకున్నాడు. నాలుగో రకం ఒకటుంది, జపనీస్ ఆటల్లో బడి, స్నేహాలు, నేలమాళిగలు కలిపి ఆడే అలవాటున్నవాళ్లు. వాళ్లకు అబ్బే అసలు ఇబ్బందే కాదు. ఈ ఆటను నెత్తిన పెట్టుకున్నవాళ్లలో వాళ్లు చాలామందే ఉన్నారు. కానీ వాళ్ల దగ్గరికి వెళ్లి ఇది మీ ఆటే అని చెప్పినవాళ్లు లేరు. ట్రైలర్లన్నీ గుద్దులూ పేలుళ్లే చూపించాయి.

ఇక తేలికగా ఉందన్న ఫిర్యాదు. ఇది ఎక్కువగా మామూలు స్థాయిలో ఆడి ఆపేసినవాళ్ల నుంచి వస్తుంది. పోరాటాలు బాగా ఆడేకొద్దీ పై కష్టస్థాయిలు తెరుచుకుంటాయి. 'హీరోయిక్' మూడు మెట్లు, 'అల్టిమేట్' మూడు మెట్లు. తెరుచుకున్నాయని ఆట చెబుతుంది కానీ తనంతట తాను పెంచదు. ఆటగాడే వెళ్లి మార్చుకోవాలి. హీరోయిక్ రెండో మెట్టు దాటాక ఇష్టమొచ్చిన కార్డు వేసి గెలవడం కుదరదు. ఏ కార్డు వేస్తే శత్రువు పడిపోయి ఆ కార్డు వేసిన అవకాశం తిరిగొస్తుందో, ఏ తోపుతో రెండు పనులవుతాయో, ఎవరిని ఈ వంతుకు వదిలెయ్యాలో లెక్క వేసుకోవాల్సిందే. పైమెట్లలో గెలిస్తే బహుమతులూ పెరుగుతాయి. ఖాతాలో ఉచితంగా పడి ఉన్న ఆటను మళ్లీ తెరిచేవాళ్లు మొదటి అంకం దాటేదాకా అబ్బేలో ఫోర్జ్, సాధన, రాత్రి ఒక్క కబురు, ఈ మూడింటితో సరిపెట్టుకోవచ్చు. పుట్టగొడుగులు ఎక్కడికీ పోవు. మ్యాజిక్‌ను జట్టులోకి తీసుకుని, కష్టస్థాయి ఒక మెట్టు పెంచి, నాలుగైదు పోరాటాలు ఆడాక కార్డుల మీద ఏ అభిప్రాయానికి వచ్చినా అది ఆటను చూసి వచ్చిన అభిప్రాయం అవుతుంది.